గంటా పది నిమిషాల దూరం

ఊరికి దూరంగా ఒక విమానాశ్రయం. రన్‌వే అవతల, పొట్టి తుమ్మపొదల్లో ఏడు కొంగల కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఆ ఎండాకాలం చుట్టుపక్కల గుంటలన్నీ ఎండిపోయాయి. ఏడు గూళ్లలోనూ ఇంకా ఎగరలేని పిల్లలు ఆకలితో నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

పొద్దున్నే కంచె కింద నుంచి నక్క దూరి వచ్చింది.

"ఏం ధవళమ్మక్కా, పిల్లలు మరీ నీరసపడ్డట్టున్నారే?" అని పెద్ద కొంగను పలకరించింది.

"చేప మాట దేవుడెరుగు, కప్పపిల్ల కూడా దొరకడం లేదు తమ్ముడూ."

"లోపల బోర్డు ఉందిగా, చూడరేం? కడలిపేట విమానాశ్రయం, ఐదు వందల కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. దాని పక్కనే చేపల చెరువులు. అక్కడికి చేరినవాళ్లకు గొంతు నిండా చేపలే."

"గంటా పదేనా? సరిగ్గా చదివావా?" అన్నాడు ధవళమ్మ మొగుడు.

"నువ్వే పోయి చూసుకో బావా. సమాచారం అందరి హక్కు. నేను వాగు వైపు పోతున్నా." నక్క వెళ్లిపోయింది.

విమానం తమ వంశంలో పెద్దదని ఆ కొంగలకు తరాల నమ్మకం. అదీ తెల్లగానే ఉంటుంది, రెక్కలు చాపుకునే పోతుంది, గాల్లోకి లేవగానే కాళ్లు లాక్కుంటుంది.

"పెద్దన్నకు గంటా పదయితే మనకు మహా అయితే గంటన్నర," అంది ధవళమ్మ. పద్నాలుగు కొంగలూ లేచాయి.

గంటన్నర ఎగిరాయి. కింద మిరప చేలే తప్ప రన్‌వే లేదు, చెరువు లేదు. ఏటా ఆ దారినే పోయే అడవి బాతు ఎదురైంది.

"కడలిపేట ఇంకెంత దూరం? గంటా పదే అన్నారు," అని అడిగింది ధవళమ్మ.

"మీరు అరవై కిలోమీటర్లు వచ్చారు. ఇదే ఊపులో పోతే చీకటి పడ్డాక చేరతారు. గంటా పది అన్నదెవరు?"

ముందుగా ధవళమ్మ వెనక్కి తిరిగింది. ఎదురుగాలి. రెక్కలు లాగేస్తున్నా ఎవరూ ఆగలేదు.

వచ్చి చూస్తే ఏడు గూళ్లలో నాలుగు ఖాళీ. వాటిలో ధవళమ్మ గూడు ఒకటి. పొదకింద తెల్లటి నూగు. ఐదో గూటి మీదికి ముందుకాళ్లు ఎత్తుతూ నక్క.

"గంటా పది అన్నావు," అంది ధవళమ్మ.

"అన్నాను. విమానానికి గంటా పదే. బోర్డు మీద ఒక్క అక్షరం మార్చలేదక్కా. ఎవరికని అడక్కుండా ఎగిరింది మీరు."

చదువుకున్న దొంగ అబద్ధమాడడు. పెద్దవాళ్ల కోసం రాసిన నిజాన్ని తెచ్చి పేదవాడి చేతిలో పెడతాడు, వాడు దాన్ని నమ్ముకుని ఇల్లు వదిలేదాకా ఆగుతాడు. దోపిడీకి ఇంతకన్నా మర్యాదైన ముఖం లేదు.

పద్నాలుగు ముక్కులూ ఒక్కసారిగా దిగాయి. ఒక కన్ను పోగొట్టుకుని నక్క కంచె దాటి పారిపోయింది. ఆ సాయంత్రం దాకా ధవళమ్మ ఖాళీ గూటి మీంచి కదల్లేదు.

ఎంతసేపు పడుతుందో చెప్పేవాణ్ణి, ఎవరి రెక్కలతో అని ముందు అడగండి.