ఇష్టానికి ఇటలీ మాట

సిస్టర్ శౌరమ్మది గుంటూరు వైపు పల్లె. ఇటలీలో కొండమీదున్న ఒక కాన్వెంటుకు, అక్కడి వృద్ధాశ్రమంలో సేవ చెయ్యడానికి వెళ్ళింది. మన దగ్గర ఇంగ్లీషు టీచరుగా మంచి పేరున్న మనిషి. ఇటాలియన్ ఏపాటి అనుకుంది. ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట మార్చేస్తే సరిపోతుందనుకుంది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర లేచి నిలబడి, "నాకు మీరందరూ ఇష్టం" అని చెప్పబోయింది. ఇంగ్లీషులోలాగే 'నేను'తో ఎత్తుకుని, "ఇయో పియాచ్చో..." అంది.

హాలంతా గొల్లుమంది. పక్కనున్న సిస్టరు జాలిపడి, మెల్లిగా చెప్పింది. "నేనంటే మీ అందరికీ ఇష్టం, అన్నావు."

అంతే, శౌరమ్మ నోరు మూతపడింది. ముసలమ్మలు పలకరిస్తే తలూపేది. మందులిచ్చి, దుప్పటి సర్ది, గబగబా బయటికి వచ్చేసేది. రానురాను వాళ్ళూ పలకరించడం మానేశారు. అది నవ్వుకంటే ఎక్కువ బాధపెట్టింది.

చివరికి ఒక మధ్యాహ్నం మదర్ ఒర్సొలాను వెతుక్కుంటూ వంటింటికి వెళ్ళింది. కొత్తగా వచ్చినవాళ్ళకు భాష నేర్పేది ఆవిడే. బాగా పెద్దావిడ, ఇంగ్లీషు కొంచెం వచ్చు. పొయ్యి దగ్గర అంజూరపళ్ళ జామ్ కలియబెడుతోంది.

"నన్ను ఇండియా పంపించెయ్యండి మదర్. ఈ భాష నాకు రాదు."

మదర్ గరిట ఆపలేదు. "కళ్ళు మూసుకో తల్లీ. నోరు తెరువు."

ఊది చల్లార్చిన చెంచా ఒకటి నాలుక మీదికి వచ్చింది.

"అబ్బ! నాకెంత నచ్చిందో!" తెలుగు దానంతటదే జారిపోయింది.

"ఏమన్నావు?"

"మా భాష మదర్. పొరపాటున వచ్చేసింది."

"అర్థం చెప్పు. ఒక్కో మాటకీ."

"నాకు... ఎంతగా... నచ్చిందో."

"నచ్చింది ఏది?"

"జామ్."

"మరి నువ్వు?"

"నేను... నేనేమీ చెయ్యలేదు. ఊరికే 'నాకు' అని..." శౌరమ్మ మధ్యలో ఆగిపోయింది.

"మి పియాచె," అంది మదర్. "మేమూ అంతే, 'నాకు' అనే అంటాం. నీ ఇంట్లో ఉన్నదానికోసం ఇంగ్లీషువాళ్ళ ఇంటికి ఎందుకు వెళ్ళావు?"

శౌరమ్మకు నవ్వొచ్చింది. ఆ కాన్వెంటులో ఆమె నవ్వగా ఎవరూ వినలేదు అంతవరకూ. మళ్ళీ భయంగా అడిగింది.

"అయితే నేనిక్కడ ఉండొచ్చా మదర్? ఇంత తెలివితక్కువదాన్ని."

మదర్ గరిట పక్కన పెట్టింది. తడిచేతులు గౌనుకు తుడుచుకుని, ఆమె ముఖంలోకి చూసింది.

"మి పియాచి."

శౌరమ్మ పెదవులు కదిలాయి. చివర 'చె' ఉంటే 'అది నచ్చింది'. 'చి' ఉంటే, 'నువ్వు'...

తలవంచుకుని, గరిట అందుకుని, జామ్ కలియబెట్టడం మొదలుపెట్టింది.