తట్టని పిలుపు

"మూయండర్రోయ్, మూయండి! నీళ్లు చప్పబడ్డాయి!"

ఆ కేక వీధి చివరిదాకా వినబడింది. టప్, టప్, టప్. తలుపులన్నీ మూసుకున్నాయి.

ఏ వీధి అంటారా? చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి. అనగనగా ఒక మడ అడవి. అక్కడ ఏరు వెళ్లి సముద్రంలో కలుస్తుంది. ఆ బురదలో ఆల్చిప్పల వీధి ఒకటుంది. కేక వేసింది అందరిలోకీ పెద్దది, మంగాయమ్మ. ఎగువన వానలు పడి ఏటినీళ్లు ముంచుకొస్తే ఉప్పు తగ్గిపోతుంది. అది ఆల్చిప్పలకి పడదు. అందుకని మళ్లీ ఉప్పు తిరిగొచ్చేదాకా చిప్ప మూసుకుని, పస్తుండి, ఓపిక పడతాయి. ఎవరినైనా పలకరించాలంటే ముందు రెండుసార్లు తట్టాలి. అది ఆ వీధి మర్యాద.

ఈ మధ్య ఇంకో బెడద వచ్చిపడింది. పై ఊళ్లలో మనం వాడే రంగుల్లోంచి, మొహానికి రాసుకునే క్రీముల్లోంచి ఒక పొడి ఏట్లోకి కొట్టుకొస్తోంది. ఎంత సన్నమంటే, దాని ముందు గోధుమపిండి గులకరాళ్ల కింద లెక్క! ఉప్పునీళ్లలో అయితే అది ఉండలు కడుతుంది. ఆల్చిప్పలు దాన్ని జిగురులో చుట్టి థూ అని ఉమ్మేస్తాయి. చప్పనీళ్లలో మాత్రం ఉండ కట్టదు. విడివిడిగా తేలుతూ, తెలియకుండానే ఒంట్లోకి జారుకుంటుంది.

టక్ టక్. "అక్కా, కడుపులో పీతలు పరిగెడుతున్నాయే," అంది నూకాలు. నూకాలు మంగాయమ్మకి తోడికోడలు.

"పరిగెత్తనీ. నువ్వు మాత్రం కదలకు."

పక్కింటి పోలమ్మ ఆగలేకపోయింది. "ఏటినీళ్లతో బోలెడు తిండి వచ్చింది. మీరు మాడండి, నేను తింటా," అంటూ బార్లా తెరిచింది. "ఎంత బాగుందో..." అంది. అంతే. మంగాయమ్మ తట్టింది. మళ్లీ తట్టింది. బదులు లేదు.

వీధి చివర గుర్నాథం తెరిచాడు, కొంచెమే. "నాకేం కాలేదు, చూశారా..." అన్నాడు. ఆ మాట చివర సాగి సాగి నీళ్లలో కలిసిపోయింది.

అప్పుడు వచ్చింది పిలుపు.

"నూకాలూ... రావే... తినూ..."

పోలమ్మ గొంతే! చల్లగా, ఒకే తీరుగా, ఊపిరి తీసుకోకుండా పిలుస్తోంది.

"అక్కా, పోలమ్మ బాగానే ఉందే! అన్నానికి రమ్మంటోంది," అంది నూకాలు. ఆమె తలుపు సన్నగా కదిలింది.

"తట్టిందా?" అంది మంగాయమ్మ.

"ఆఁ?"

"పోలమ్మ పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా తట్టకుండా నిన్ను పిలిచిందా? బాగా విను."

నూకాలు వింది. "రావే... తినూ..." తట్టలేదు. ఆకలికి ఒళ్లు తూలుతోంది. అయినా చిప్ప గట్టిగా బిగించుకుంది. పిలుపు ఆమె చుట్టూ తిరిగింది. తలుపు సందు దగ్గర ఆగింది. మళ్లీ తిరిగింది.

చాలాసేపటికి, టక్ టక్!

"నేనమ్మా, కొండెయ్యని." ఒక చెయ్యి పెద్దది, ఇంకోటి చిన్నది ఉండే బురద పీత కొండెయ్య. "సముద్రం దాకా పోయి రుచి చూసొచ్చా. ఉప్పు తిరిగొచ్చింది. తెరవండి."

"రోజూ నీ చెయ్యి చూసి నవ్వేదాన్ని, కొండెయ్యన్నా," అంది నూకాలు.

"మీ తలుపులు తట్టడానికే పెంచుకున్నా లేమ్మా!"

అందరూ తెరిచి చూశారు. పోలమ్మ ఇంట్లో ఎవరూ లేరు. లోపల ఆ పొడి పేరుకుని గోడలకి వెండి పూసినట్టు ఒకటే మెరుపు. ఖాళీ చిప్పలో నీళ్లు సుడి తిరుగుతూ "రావే... తినూ..." అని మోగుతున్నాయి. కొండెయ్య పెద్ద చేత్తో ఆ తలుపు నెమ్మదిగా మూశాడు. పిలుపు ఆగిపోయింది.

గుర్నాథం మాత్రం, కొంచెమే తెరిచాడు కాబట్టి, బతికున్నాడు. తట్టగా తట్టగా నీరసంగా బదులు తట్టాడు. "ఉమ్మరా నాయనా, ఇంకొంచెం ఉమ్ము," అంటూ మంగాయమ్మ అతని పక్కనే ఉండిపోయింది.

పోటు వచ్చింది. చిక్కటి ఉప్పునీళ్లు. పోలమ్మ తలుపు మీద అందరూ రెండేసిసార్లు తట్టారు. తర్వాత భోజనానికి కూర్చున్నారు. ఆల్చిప్పలు ఎప్పుడూ కూర్చునే ఉంటాయి కదా అంటారా? అలా కాదర్రా! కొండెయ్యని మధ్యలో కూర్చోబెట్టుకుని, గుర్నాథానికి మొదటి ముద్ద పెట్టి, అందరూ కలిసి తిన్నారు.

నీతి: ఆకలి తొందర పెట్టినప్పుడే ఆగి చూసుకోవాలి, పిలిచేది ఎవరో, తినేది ఏమిటో.