ఆముదాలు ఆరబోసిన డప్పు

అనగనగా ఒక ఏరు, ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో లోవతల్లి అని ఒక మనిషి. ఊఁ కొడుతూ వినాలి మరి. నువ్వు ఊఁ అనకపోతే నేను ఆగిపోతాను, ఆ తర్వాత ఏటి మధ్యలో చిక్కుకుపోయామని నన్ను అనకూడదు.

లోవతల్లి పని డప్పు కొట్టి చాటింపు వెయ్యడం. వాళ్ళ నాన్న వేసేవాడు, ఆయన పోయాక ఈవిడ అందుకుంది. ఊళ్ళో పెళ్ళయినా, పశువు తప్పిపోయినా, ముందు ఆ డప్పు మోగాల్సిందే.

అన్నిటికంటే పెద్ద చాటింపు ఇంకొకటుంది. ఏటి నడుమ ఒక లంక ఉంది. లంకంటే నాలుగు వైపులా నీళ్ళున్న ఇసక నేల. అక్కడ కొందరు పాకలు వేసుకుని వంగతోటలు పెంచుకుంటారు, గేదెల్ని మేపుకుంటారు. లోవతల్లి చెల్లెలు చిట్టెమ్మ కూడా చంటిపిల్లాడితో అక్కడే ఉంటుంది. ఏరు పొంగుతోందన్న కబురు ఎగువ నుంచి ముందు ఊరికే వస్తుంది. అప్పుడు లోవతల్లి ఏటి ఒడ్డున ఉన్న దిబ్బ ఎక్కి డప్పు కొట్టాలి. అది విని చిట్టెమ్మ ఇత్తడి కంచం మోగించి 'వినబడింది' అని చెప్పాలి. ఆ తర్వాత అందరూ పడవెక్కి ఇవతలికి వచ్చెయ్యాలి. అదీ కట్టుబాటు.

కిందటేడు ఏమైందో తెలుసా? లోవతల్లి ఎంత కొట్టినా ముసలి డప్పు వానలో నానిపోయి పలకలేదు. చిట్టెమ్మ కళ్ళు తెరిచేసరికి పాకలో మోకాళ్ళ లోతు నీళ్ళు. పిల్లాడిని నెత్తి మీద పెట్టుకుని బయటపడింది. దూడ మాత్రం కొట్టుకుపోయింది. లోవతల్లి ఆ రోజు నుంచి సరిగ్గా నిద్రపోలేదు. ఈసారి దూడతో పోదని ఆవిడ భయం.

ఇంతలో ఆ డప్పు చర్మం నిలువునా చిరిగింది. మళ్ళీ వానలు దగ్గర పడ్డాయి. ఊళ్ళో పెద్దలు చేరి కొత్త డప్పు కొనాలంటే కొనాలన్నారు. మాటలకేం, బస్తాలకొద్దీ చెప్పారు. చివరికి లోవతల్లి కొంగు మూలన పడింది గుప్పెడు చిల్లర.

అప్పుడు లోవతల్లి ఆ చిల్లర ముడేసుకుని, పడవెక్కి, అవతలి ఒడ్డున సంతకు వెళ్ళింది. అక్కడ డప్పులమ్మే సూరన్న పెద్ద నెగడు వేసుకుని కూర్చున్నాడు. డప్పుని సెగకు కాస్తేగానీ చర్మం బిగవదు, బిగిస్తేగానీ పలకదు. ఆ సంగతి డప్పు పట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. లోవతల్లికీ తెలుసు. తెలియకపోయినా బాగుండేదేమో!

మొదటి డప్పు కాచి కొట్టింది. దాని మీద పులి బొమ్మ, అంచుకు మువ్వలు. సూరన్న ధర చెప్పగానే మెల్లిగా కింద పెట్టేసింది.

రెండో డప్పు కాచి కొట్టింది. ధర అందుబాటులోనే ఉంది. కానీ చదునురాయి మీద పెట్టి చూస్తే చట్రం కుంటిమంచంలా ఊగింది. వంకర చట్రం మీద చర్మం ఎన్నాళ్ళుంటుంది? వద్దంది.

మూడో డప్పు కాచి కొట్టింది. ఖంగుమంది. సంతలో వెళ్తున్నవాళ్ళు తలతిప్పి చూశారు. చట్రం చక్కగా ఉంది, చర్మం పల్చగా, తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. లోవతల్లి బేరమాడి, గదమాయించి, ఒకసారి లేచి వెళ్ళిపోయినట్టు నటించి, మొత్తానికి కొనేసింది. కొంగు ఖాళీ. మనసు నిండింది.

ఆ తర్వాత రేవుకి వచ్చేసరికి సన్నగా తుంపర మొదలైంది. పడవ సరంగు నీళ్ళ వంక చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఎగువ నుంచి ఎర్ర వరదనీళ్ళు దిగుతున్నాయమ్మా. ఇంక ఇదే ఆఖరి పడవ. ఎక్కండి, ఎక్కండి!"

లోవతల్లి సంబరం ఆపుకోలేక డప్పు మీద ఒక్క దెబ్బ వేసింది. బొద్దుమంది. ఇంకోటి వేసింది. తడిగుడ్డ మీద కొట్టినట్టుంది. సెగ ఆరిపోయింది, తుంపర తగిలింది, అంతే, ఆ ఖంగు ఎక్కడికో పోయింది.

అప్పుడు ఆవిడకి సంగతి తట్టింది. ఏరు పొంగే రోజున వాన కురుస్తుంది. వానలో దిబ్బ మీద నెగడెక్కడుంటుంది? డప్పుని కాచి చూసి కొనడం తాతల నాటి అలవాటు. ఆ అలవాటే ఆవిడని ముంచింది. కిందటేడు జరిగింది చాలక, ఇప్పుడు చేజేతులా డబ్బిచ్చి మరీ మూగడప్పు కొనుక్కుంది.

"బాబూ, ఒక్క చిటికె ఆగు," అంది సరంగుతో.

"తెరచాప కట్టేదాకానే. ఏరు నా మాట వినదు," అన్నాడతను.

లోవతల్లి పరుగో పరుగు. ఊఁ... నిద్రపోకు, ఇప్పుడేగా అసలు సంగతి! సంతలో అందరూ గుడారాలు విప్పేస్తున్నారు. సూరన్న నెగడు చల్లారిపోయింది. ఆవిడ రొప్పుతూ డప్పు ముందు పెట్టి, సంగతంతా చెప్పి, మార్చి ఇమ్మంది.

"వానకి నానితే ఏ డప్పు పలుకుద్దమ్మా? నన్నడిగితే నేనేం చేసేది?" అన్నాడు సూరన్న. ఆ మాటా అబద్ధం కాదు. అక్కడున్న డప్పులన్నీ తడిచెయ్యి వేసి కొట్టి చూసింది. అన్నీ బొద్దుమన్నాయి. లోవతల్లి అక్కడే బురదలో కూలబడి ఏడ్చేసింది. రేవులో సరంగు కేకేస్తున్నాడు.

అప్పుడు వినబడింది. టంగు. కాసేపాగి మళ్ళీ, టంగు, టంగు.

లోవతల్లి కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసింది. ఎవరూ డప్పు కొట్టడం లేదు. పక్కనున్న పాక చూరు చివర సూరన్న తల్లి ఆముదాల బుట్ట పెట్టుకుని కూర్చుంది. గింజలు తడవకుండా బుట్ట మీద ఒక నల్లటి పాత డప్పు మూతేసింది. చూరు నీళ్ళు దాని మీద పడుతున్నాయి. పడిన చుక్క పడినట్టే జారిపోతోంది. పడినప్పుడల్లా డప్పు పలుకుతోంది.

"అవ్వా, ఆ డప్పు..."

"డప్పేంటే, అది నా ఆముదాల పళ్ళెం! మా ఆయన కట్టిందే. దళసరి తోలు, కొట్టలేక చేతులు పడిపోతన్నాయని ఎవరూ కొన్లేదు. ఏటా ఆముదాలు అందులోనే ఆరబోస్తా. నూనె తాగీ తాగీ ఇలా నల్లబడింది, చుక్క నీరు పీల్చదు."

లోవతల్లి దాన్ని తీసుకుని చినుకుల కింద పట్టి కొట్టింది. మెరుపు లేదు, మువ్వల సందడి లేదు. కానీ లావుగా, లోతుగా, గట్టిగా పలికింది.

"ఇచ్చెయ్యి అవ్వా!"

"మరి నా ఆముదాలు దేంట్లో ఆరబొయ్యను?"

లోవతల్లి తన కొత్త డప్పు అవ్వ ఒళ్ళో పెట్టింది. తెల్లటి కొత్త పళ్ళెం చూసుకుని అవ్వ మురిసిపోయింది. కొత్తది ఇచ్చి పాతది పట్టుకెళ్తోందని సూరన్న నవ్వాడు. నవ్వనీ. లోవతల్లి అప్పటికే రేవుకి పరుగెత్తింది. కదిలిన పడవని పట్టుకుని ఎక్కింది.

తెల్లవారేసరికి ఎగువ నుంచి కబురొచ్చింది. ఏరు పొంగుతోంది. ఆకాశానికి చిల్లు పడినట్టు వాన. ఊళ్ళో ఒక్క పొయ్యి రాజుకోవడం లేదు. దిబ్బ మీదికొచ్చిన పెద్దలు ఆ నల్లడప్పుని చూసి నోళ్ళు నొక్కుకున్నారు.

"కాచకుండా డప్పు కొడతారటే ఎక్కడైనా?"

లోవతల్లి డప్పు భుజాన వేసుకుంది. పుల్లలు తీసుకుంది. మొదటి వరస కొట్టింది. డప్పు మోగింది. చెవి రిక్కించింది. లంక మీద కంచం మోగలేదు.

రెండో వరస కొట్టింది. భుజాలు లాగేస్తున్నాయి. కంచం మోగలేదు. ఎర్రనీళ్ళు గట్టు మొదట్లోకి వచ్చేశాయి.

మూడో వరస కొట్టింది. అరచేతులు చిట్లాయి. కంచం మోగలేదు. లోవతల్లి లంక వైపే చూసింది. ఇది కూడా చేరలేదా? నా చెల్లెలు, ఆ పసివాడు... అయినా చెయ్యి ఆపలేదు. పెద్దలు ఇంక చాలన్నా ఆపలేదు. ఏడుస్తూనే కొట్టింది.

ఆ తర్వాత వానలోంచి ఒక నల్లటి మచ్చ కదిలింది. దగ్గరకొస్తే అది పడవ. దాని వెనక ఇంకో పడవ. లంకలో మనుషులంతా వాటిలోనే ఉన్నారు. వెనక గేదెలు ఈదుకుంటూ వస్తున్నాయి. ముందు పడవలో చిట్టెమ్మ, ఒళ్ళో పిల్లాడు, కాళ్ళ దగ్గర పెద్ద మూట.

లోవతల్లి మొలలోతు నీళ్ళలోకి దిగిపోయి చెల్లెల్ని పట్టుకుంది. పట్టుకుని, వీపు మీద ఒక్కటిచ్చింది.

"కంచం కొట్టలేదేమే? ఇక్కడ నా ప్రాణం పోయింది కదే!"

"మొదటి దెబ్బకే లేచి మూట కట్టేశానక్కా," అంది చిట్టెమ్మ. "కంచం అడుగున పడిపోయింది. మూట విప్పనా, పడవెక్కనా?"

లోవతల్లికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిపి కానిచ్చింది. పిల్లాడు మాత్రం చెయ్యి చాపి తడిసిన డప్పు మీద చిట్టిచేత్తో ఒకటేశాడు. టంగుమంది.

*వాన వెలిసింది, ఏరు తీసింది,*
*లంక పాకలో దీపం నవ్వింది.*
*డప్పు అటకెక్కె, కథ సాగె కంచి దాకా,*
*మనమిద్దరం దుప్పట్లో తెల్లారేదాకా.*