కొమురవ్వ గొంగళ్లు

ఒకే ఏటి వెంట ఉన్న ఐదు రాజ్యాలు కలిసి కూటమి కట్టాయి. ఎవరి పాలన వారిదే. అయితే ఒకరి సరుకు అందరి సంతల్లోనూ అమ్ముకోవచ్చనీ, తగవొస్తే ఉమ్మడి న్యాయసభ తీర్పుకు రాజులూ తలవంచాలనీ ఒప్పుకున్నారు.

అయినా దిగువ రాజు నరసభూపతి భటులు, పక్క రాజ్యం నుంచి కొమురవ్వ తెచ్చిన గొంగళ్ల మూట లాక్కున్నారు. అది ఆమె ఏడాది కష్టం. కొమురవ్వ న్యాయసభలో గెలిచి, తీర్పు పట్టుకుని కోటకు వచ్చింది.

ఆ రోజు కోటలో విందు. దిగువ పైర్లు ఎండుతున్నాయని, ఎగువ రాజు వీరకేతు తన ఆనకట్ట తూములు మర్నాడే ఎత్తాలని అదే న్యాయసభ చెప్పింది. ఆ సంబరంలో నరసభూపతి ఆయన్నే భోజనానికి పిలిచాడు.

"నా మూట ఇప్పియ్యుండ్రి దొరా," అంది కొమురవ్వ, వసారాలో ఎదురైన రాజుతో.

రాజు తీర్పు వైపు చూడనైనా లేదు. "ఆ సభ మాట నా పొలిమేర దాటి రాదు. ఇక్కడ చెల్లేది నా మాటే, పో!"

"అట్లనే దొరా. గా మాటే ఇంకోసారి జర గట్టిగ అనుండ్రి. లోపల బువ్వ తింటున్న ఎగువ రాజుకు ఇనపడ్డట్టు లేదు."

నరసభూపతి గబుక్కున లోపలి గుమ్మం వైపు చూశాడు. పక్కనున్న మంత్రి తల దించుకున్నాడు.

"ఎవరితో బావా మాటలు?" లోపలి నుంచి వీరకేతు కేకేశాడు.

"ఏం లేదు బావా," అన్నాడు రాజు, ముఖం కందిపోయి.

భటుణ్ణి పిలిచి చెబితే మూట సంగతి లోపలికి వినబడుతుందని, తనే కొట్టుగదికి వెళ్లి మూట మోసుకొచ్చాడు. కొమురవ్వ ముఖం చూడలేక ఆమె కాళ్ల దగ్గర దించాడు.