మూడేళ్ళ చింతకాయ పచ్చడి

ఒకానొక కాలంలో వీరకోట అనే రాజ్యం ఉండేది. పేరుకు తగ్గట్టు అక్కడ వీరానికి లోటు లేదు, లోటంతా తక్కినవాటికే. రాజు పేరు సమరభూపతి. ఆయన పట్టానికి వచ్చిన పదేళ్ళలో ఏడేళ్ళు యుద్ధాలతోనే సరిపోయాయి. గెలిచిన ప్రతిసారీ నగరం నడిబొడ్డున ఒక జయస్తంభం పాతించేవాడు. ఓడినప్పుడు కూడా పాతించేవాడు. రాళ్ళు ముందే చెక్కించి ఉంటాయి కదా, వాటినేం చేసుకుంటాం అనేవాడు.

ఏరు దాటితే మల్లెవాడ రాజ్యం. అక్కడి రాజు పేరు పొరుగువాళ్ళెవరికీ సరిగా గుర్తుండదు. ఆయన కత్తి దూసి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఏటిగట్టు తెగితే వేయించడం, బాటలు బాగుచేయించడం, ఇవే ఆయన ఘనకార్యాలు. అలాంటి చప్పిడి దేశానికి వీరకోట జనం పిల్లాజెల్లాతో తరలిపోతున్నారని తెలిసి సమరభూపతి మండిపడ్డాడు. కోపంతో పాటు జ్వరం కూడా వచ్చింది. మూడు వారాలు మంచం పట్టాడు.

జ్వరం దిగిన నాలుగో రోజున రాజు దిండ్లకు ఆనుకుని కొలువుతీరాడు. ఆస్థాన పండితుడు సూరావధాని తాటాకుల కట్ట విప్పి, రెండు దేశాల తారతమ్యం చదవడం మొదలుపెట్టాడు.

"ప్రభూ! మన కోటలు పద్నాలుగు, వాళ్ళవి రెండు. మన ఏనుగులు మూడు వందలు, వాళ్ళవి పన్నెండు, అందులోనూ ఒకటి కుంటిది. మన జయస్తంభాలు తొమ్మిది, వాళ్ళకు ఒక్కటీ లేదు. కనుక ఇక్కడి ప్రజలు అక్కడి ప్రజలకంటే ఎన్నో రెట్లు సుఖంగా జీవిస్తున్నారని రుజువైంది!"

సభ చప్పట్లు కొట్టింది. సూరావధాని గొంతు సవరించుకుని రాజాజ్ఞ కూడా చదివాడు. ఇంతటి సుఖాన్ని కాలదన్ని ఏరు దాటినవాళ్ళు మతి చెడినవాళ్ళు. వచ్చే పౌర్ణమిలోగా వాళ్ళందరినీ కట్టి తెచ్చి, మళ్ళీ సుఖపెట్టాలి.

రాజుకు పథ్యపు జావ తెచ్చిన వంటశాల పెద్ద పేరిందేవి ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె కూతురు నాంచారి కిందటేడే మొగుడితో కలిసి ఏరు దాటింది. ఇప్పుడు ఏడో నెల. కడుపుతో ఉన్న పిల్లను తాళ్ళతో కట్టి ఏట్లో నడిపిస్తారా వీళ్ళు? పేరిందేవికి భయం వేసింది. ఆ భయం వెనకే ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంటికి వండి పెడుతోంది తను. ఈ రాజు నోట్లో ఎన్ని పళ్ళున్నాయో కూడా ఆమెకు తెలుసు.

రాజు జావ ఒక గుక్క తాగి ముఖం వికారంగా పెట్టాడు. "గడ్డి తిన్నట్టుంది! నా నోటికి రుచి ఎప్పుడొస్తుందయ్యా?"

పక్కనున్న వైద్యుడు చేతులు కట్టుకున్నాడు. "మూడేళ్ళు మాగిన చింతకాయ పచ్చడి కావాలి ప్రభూ. వేడి అన్నంలో నెయ్యి వేసి నాలుగు ముద్దలు పెడితే నాలుక దానంతటదే లేచి కూర్చుంటుంది."

"ఇంతేనా? పేరిందేవీ, పట్టుకురా!"

"లేదు ప్రభూ," అంది పేరిందేవి.

"లేకపోతే ఊళ్ళో ఎవరింట్లోనైనా తీసుకురా."

"ఊళ్ళోనూ లేదు. ఈ రాజ్యంలోనే లేదు. మల్లెవాడలో అడిగితే ఏ ఇంట్లోనైనా పెడతారు. అక్కడే పుట్టి పెరిగిన మా వియ్యపురాలి ఇంట్లో ఏడేళ్ళది ఉందట, నల్లగా కాటుకలా మాగిందట. బాలింతకు పనికొస్తుందని మా అమ్మాయి కోసం దాచింది."

సూరావధాని పొట్ట పట్టుకుని నవ్వాడు. "రాజ్యాలను తూచేది ఏనుగులతోనమ్మా, ఊరగాయలతో కాదు!"

"తమరు తూచింది రాజుగారి సొత్తు అవధానిగారూ. జనం ఎలా బతుకుతున్నారో చూడాలంటే వాళ్ళ వంటింటి అటక చూడాలి. మీ తాటాకుల్లో అటక లేదు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు ముఖం ఎర్రబడింది.

"నా రాజ్యంలో ముష్టి పచ్చడి దొరకదంటావా? భటులను పంపి ఇల్లిల్లూ వెతికిస్తాను. ఒక్క జాడీ దొరికిందా, మొట్టమొదట కట్టి తెచ్చేది నీ కూతుర్నే!"

"దొరక్కపోతే?"

కొలువు గతుక్కుమంది. రాజుకు ఎదురు ప్రశ్న వేసినవాళ్ళు అంతవరకూ లేరు.

"దొరక్కపోతే ఈ ఆజ్ఞ నా చేత్తో చింపేస్తాను," అన్నాడు రాజు.

"సరే ప్రభూ. కాని ఇల్లిల్లూ అంటే అంతఃపురం కూడా. అక్కడికి భటులు వెళ్ళకూడదు. ఆ ఒక్క చోటూ తమరే వెతకాలి."

"అలాగే వెతుకుతాను, ఫో!" అన్నాడు రాజు.

సాయంత్రానికి దండనాయకుడు మాచన తిరిగొచ్చాడు. యుద్ధంలో ఓడినప్పుడు కూడా అతను అంత నీరసంగా కనబడలేదు.

"మూడేళ్ళది కాదు ప్రభూ, మూడు నెలలది కూడా దొరకలేదు. అసలు జాడీలే లేవు."

"జాడీలేమయ్యాయి?"

మాచన నసిగాడు. "మొన్నటి ముట్టడిలో రాళ్ళు అయిపోతే, ఇళ్ళలోని జాడీలన్నీ తెప్పించి కోటగోడ మీంచి శత్రువుల నెత్తిన వేయించాం. మొదటి జాడీ తమరి చేత్తోనే వేశారు. గురి అద్భుతంగా కుదిరిందని కవులు పద్యాలు కూడా చెప్పారు."

"ఆ తర్వాత కొత్తగా ఎందుకు పెట్టుకోలేదు?"

"అడిగాను ప్రభూ. ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి, 'మూడేళ్ళ తర్వాత తినేదానికి ఇప్పుడు ఉప్పెవరు పోస్తారు నాయనా, అప్పటికి మేం ఏ అడివిలో ఉంటామో' అంది." మాచన తల దించుకున్నాడు. "ఇంకొకటి కూడా చూశాం. ప్రతి ఇంట్లోనూ తలుపు వెనక ఒక మూట ఉంది. రెండు బట్టలు, ఇన్ని అటుకులు, చిన్న ఉప్పు పొట్లం. భేరి మోగగానే చంకన పెట్టుకుని పరుగెత్తడానికట."

"పిరికిపందలు!" అని అరిచాడు రాజు. "ఎవరి ఇళ్ళలో ఉన్నాయో పేర్లు చెప్పు!"

"అన్ని ఇళ్ళలోనూ ప్రభూ. మా ఇంట్లో కూడా. మా ఆవిడ కట్టిందని నాకు ఈరోజే తెలిసింది."

రాజు ఇక ఆగలేదు. దండనాయకుడి ఇల్లు ఎలా ఉన్నా తన ఇల్లు అలా ఉండదని చూపిస్తానంటూ చేతికర్ర పుచ్చుకుని అంతఃపురానికి బయల్దేరాడు. అతని వెనకే పేరిందేవి నడిచింది. అక్కడ ఏముందో ఆమెకు ముందే తెలుసు. రాజు తన కాళ్ళతో అక్కడికి వెళ్ళి తన కళ్ళతో చూడాలనే ఆమె ఆ షరతు పెట్టింది.

రాణి మల్లాంబ గదిలో అటక మీద జాడీ లేదు. పట్టుతెర వెనకా లేదు. తలుపు వెనక మాత్రం ఒక మూట ఉంది. రాజు దాన్ని విప్పాడు. చిన్న రాకుమారుడి చొక్కాలు రెండు, అటుకులు, బెల్లం, దారిలో ఎవరూ గుర్తుపట్టకుండా కట్టుకోవడానికి ఒక ముతక చీర.

"ఇదేమిటి?" అన్నాడు రాజు.

రాణి తడబడలేదు. "చూస్తున్నారుగా. మీరు యుద్ధానికి వెళ్ళిన ప్రతిసారీ పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఈ తలుపు దగ్గరే కూర్చుంటాను. పరుగెత్తాల్సి వస్తే ఏ దారిన వెళ్ళాలో కూడా తెలుసుకుని పెట్టుకున్నాను."

"ఏ దారిన?"

"మల్లెవాడ దారిన."

పేరిందేవికి రాణిని చూస్తే జాలి వేసింది. పట్టుపరుపుల మీద పడుకునే మనిషి కూడా, మాచన చెప్పిన ముసలామె లాగే, ఒక కాలు గడప బయట పెట్టుకుని బతుకుతోంది.

ఉన్నట్టుండి రాజు పకపకా నవ్వాడు. మొదట అది నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ నేల మీద చతికిలబడ్డాడు.

"పద్నాలుగు కోటలు కట్టాను. మూడొందల ఏనుగుల్ని మేపుతున్నాను. నా పెళ్ళాం మాత్రం పక్కవాడి దేశంలో తలదాచుకోవడానికి దారి వెతుక్కుంది! అవధానీ, ఎక్కడయ్యా నువ్వు? ఆ తాటాకులు ఇలా తే!"

గడప బయట నక్కి వింటున్న సూరావధాని కట్ట మొత్తం అందించాడు. రాజు రాజాజ్ఞను ముక్కలు చేశాడు. ఆ ఊపులో ఏనుగుల లెక్కా, స్తంభాల లెక్కా కూడా చించేశాడు.

"పేరిందేవీ! నన్ను నా ఇంట్లోనే ఓడించావు. ఏం కావాలో కోరుకో. అగ్రహారమా? కంకణమా?"

"సెలవు కావాలి ప్రభూ. ఏరు దాటి వెళ్ళి నా కూతురికి పురుడు పోస్తాను."

"ఇంతేనా? తీసుకో! పల్లకిలో పంపిస్తాను. ఆ పచ్చడి కూడా కాస్త అడిగి పంపించు, నా నోరు ఇంకా చచ్చే ఉంది. మరి ఎప్పుడొస్తావు? పురిటి స్నానం కాగానేనా?"

పేరిందేవి నేల మీది మూటను చూసింది. వంగి, చొక్కాలు మడత పెట్టి, అటుకులు సర్ది, మునుపటిలాగే ముడి వేసి రాణి చేతికి ఇచ్చింది. ఆ తర్వాత రాజు కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఈరోజు ఈ మూట తమరు విప్పారు ప్రభూ. అది లెక్కలోకి రాదు. మహారాణిగారు తమంతట తాము విప్పి, ఆ చొక్కాలు పెట్టెలో పెట్టుకున్న రోజున కబురు చేయండి. వస్తాను."

రాజు మళ్ళీ నవ్వబోయి రాణి వైపు చూశాడు. రాణి మూటను గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. అతనికి నవ్వు రాలేదు. "అలాగే," అన్నాడు.

కబురు రావడానికి రెండేళ్ళ నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్ళూ వీరకోటలో భేరి మోగలేదు.