ఈదన్న కొన్న నారింజ మోకు

ఆ అడవిలోకెల్లా నిటారు కొండ గద్దగుండు. దాని నెత్తిన చదునైన బండపరుపు, ముందువైపు కళ్లు తిరిగేంత లోయ, ఆ లోయకు సగం దారిలో రాతి చూరు కింద వేలాడే తేనెపట్లు. ఇప్పపువ్వు రాలడం మొదలైందంటే చాలు, పొద్దువాలే వేళకు ఆ బండపరుపు మీద ఒక జట్టు చేరేది. జట్టులో ఎవరికీ తిండికి కరువు లేదు. ఎలుగుబంట్లకు చెదపుట్టలున్నాయి, పునుగుపిల్లికి ఈతపళ్లున్నాయి. వాళ్లు చేరేది తేనెవేట సరదా కొద్దీ. నిజం చెప్పాలంటే అక్కడ తేనె గురించి మాట్లాడింది తక్కువ, తేనె దగ్గరికి దిగే సామాను గురించి మాట్లాడింది ఎక్కువ. ఏ నార గట్టిది, ఏ ముడి జారదు, కొక్కెం కర్రదైతే మేలా ఎముకదైతే మేలా అని రోజూ వాదించుకునేవాళ్లు. ఏ రోజూ తేలేది కాదు.

జట్టుకు పెద్ద ఈదన్న అనే ఎలుగుబంటి. ఏడు వేసవులుగా గద్దగుండు దిగుతున్నది అతనొక్కడే. నడుముకు మోకు కట్టుకుని, గాలిలో ఊగుతూ దిగి, పట్టు కోసి బుట్టలో వేసుకుని పైకొస్తే బండ మీద అందరూ లేచి నిలబడేవాళ్లు. వాళ్లు అలా లేచి నిలబడటం ఈదన్నకు తేనె కన్నా తీపి.

ఆ మోకు రెండో కొస పట్టుకునేది బయ్యన్న. ఈదన్న పెళ్లాం పోతమ్మకు తమ్ముడు. ఆ అడవి ఎలుగుబంట్లలో అదొక ఆచారం. కొండ దిగేవాడి మోకు అన్నదమ్ములు పట్టుకోరు, స్నేహితులు పట్టుకోరు. బామ్మర్దే పట్టుకోవాలి. అక్క పసుపుకుంకుమలు తన చేతుల్లో ఉన్నాయని తెలిసినవాడు చెయ్యి సడలించడని పెద్దలు పెట్టిన కట్టుబాటు. బయ్యన్న మాటకారి కాడు. ఏటా మోదుగ వేళ్లు తవ్వి, వాగులో నానబెట్టి, నార తీసి, తనే మోకు పేనేవాడు. అది చూడటానికి మట్టిరంగులో, అక్కడక్కడా పీచులేచి, ముతగ్గా ఉండేది. ఈదన్న ఏడేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని పరకాయించి చూడలేదు.

ఒక సాయంత్రం రంగప్రసాదు అనే నక్క భుజాన మూటతో బండ ఎక్కి వచ్చాడు. పట్నంవాళ్లు గుడారాలు వేసుకుని సరదాకు కొండలెక్కే చోట అతని కాపురం. వాళ్లు మర్చిపోయినవి, పారేసినవి, అప్పుడప్పుడు వాళ్లింకా పారేయాలని అనుకోనివి కూడా తెచ్చి అడవిలో చలామణీ చేస్తుంటాడు.

"ఏందయ్యా ఆ మూట?" అంది ఓబులమ్మ. ఓబులమ్మ ఉడుము. తన గోళ్లు తప్ప వేరే సామాను ఎరగదు. కబుర్ల కోసమే వస్తుంది.

"చూపిస్తా పిన్నిగారూ, తొందరెందుకు," అంటూ రంగప్రసాదు మూట విప్పాడు. నారింజరంగు మోకు ఒకటి నున్నగా మెరుస్తూ బయటపడింది. దానితో పాటు తొడలకు కూడా చుట్టుకునే వెడల్పాటి నడుంపట్టా, పిడికిలంత ఇనుప కొక్కెం. "పట్నంలో పేరున్న కొండవీరులు వాడే సామాను. చవకబారు సరుకు నేను ముట్టుకోను."

"దీని గురించి నేను విన్నాను," అన్నాడు సుందరం. సుందరం పునుగుపిల్లి. గద్దగుండు అంచుకు పది అడుగుల దగ్గరికి ఎప్పుడూ రాలేదు గాని సామాను గురించి అతను వినని సంగతి లేదు. "అసలైన మేలురకం. ఒక్కసారి తీసుకుంటే జన్మకు సరిపోతుంది."

"మేలురకమే కావచ్చు. ఏ మోకు మీద దిగామో తేనెపట్టుకు తెలుస్తుందా?" అంది ఓబులమ్మ.

"తేనెపట్టుకు తెలియదు పిన్నీ, దిగేవాడి ప్రాణానికి తెలుస్తుంది," అన్నాడు నక్క. పక్కనున్న చెట్టుకు మోకు కట్టి, నిలువెత్తు రాయి మీంచి జారుతూ దిగాడు. మధ్యలో రెండు చేతులూ వదిలేశాడు. కొక్కెం టక్కున మోకును పట్టేసింది. నక్క గాలిలో నవ్వుతూ వేలాడాడు. తర్వాత మళ్లీ జారి నేల మీద కాలు పెట్టాడు. "చూశారుగా. చచ్చినా పడనివ్వదు. పైన ఒకరు పట్టుకోవాల్సిన పని లేదు. చెట్టుకు కడితే చాలు. చెట్టు తుమ్మదు, కునికిపాట్లు పడదు."

అందరి చూపూ బయ్యన్న మీదికి పోయింది. అతను పక్కన మోకు చుట్ట పెట్టుకుని కూర్చున్నాడు. నక్క ఆ మోకు కొసను రెండు గోళ్లతో పైకెత్తాడు. "అన్నగారూ, ఏడేళ్లుగా మీరు దిగుతున్నది దీని మీదేనా? నేనింకా పిల్లలకు ఉయ్యాల కట్టడానికి తెచ్చారేమో అనుకున్నా."

సుందరం కిచకిచ నవ్వాడు. ఈదన్నకు చెవుల దాకా వేడెక్కింది. ఇంత పేరున్నవాడినై ఉండి ఈ పీచుమోకు కట్టుకుని ఊగానా, వీళ్లంతా లోలోపల నవ్వుకుంటూనే ఉన్నారా అని సిగ్గేసింది. సిగ్గేసినవాడు ఊరుకోవచ్చు. ఈదన్న ఊరుకోలేదు. అందరికన్నా గట్టిగా తనే నవ్వాడు. బయ్యన్న ఒక్కసారి బావ మొహంలోకి చూసి తల దించుకున్నాడు.

"దిగడం చూశాం బాగానే ఉంది. మరి పైకి రావడమో?" అంది ఓబులమ్మ.

నక్క నోరు తెరిచేలోపే ఈదన్న అందుకున్నాడు. "ఇంత ఒళ్లున్నవాణ్ణి, నన్ను నేను పైకి లాక్కోలేనా? ఏడేళ్ల నుంచి నేను రావడం లేదా?"

ఆ మాట అతను బుకాయించి అన్నది కాదు. పైకి వచ్చిన ప్రతిసారీ తన బలంతోనే వచ్చానని అతని నమ్మకం. బయ్యన్న అంత ఒడుపుగా, కుదుపు లేకుండా లాగేవాడు.

బేరం తేలిగ్గానే కుదిరింది. వాగు ఒడ్డున ఈదన్నకు ఒక పెద్ద ఇప్పచెట్టు ఉంది. ఈ వేసవి రాలే పువ్వంతా తనదంటే చాలన్నాడు నక్క.

"బావా," అన్నాడు బయ్యన్న మెల్లగా, "అది అక్క చెట్టు. పెళ్లిలో అమ్మ అరణంగా ఇచ్చింది."

"నాకు తెలుసులే."

"అక్కనొక మాట అడిగితే బాగుంటదేమో."

ఇంతమంది ముందు బామ్మర్ది తనకు చెప్పడమా అని ఈదన్నకు ఒళ్లు మండింది. "నా కొండకు ఏ మోకు కావాలో నాకు నువ్వు చెప్పొచ్చావా? రేపట్నించి నువ్వు రానక్కర్లేదు. చెట్టు ఉందిగా, అది పట్టుకుంటుంది."

బయ్యన్న మోకు చుట్టుకున్నాడు. "సరే బావా," అన్నాడు.

మర్నాడు పొద్దెక్కగానే ఈదన్న నడుంపట్టా బిగించాడు. నారింజ మోకు బండ మీది చెట్టుకు కట్టుకున్నాడు. రంగప్రసాదు లోయలోకి వెళ్లి నిలబడ్డాడు. "బుట్ట బరువుతో పైకి రావడం ఎందుకన్నగారూ? సన్నతాడుతో కిందికి వదలండి, నేను పట్టుకుంటా," అని ముందే చెప్పి పెట్టాడు. ఆ సాయం ఎంత మర్యాదో అనుకున్నాడు ఈదన్న.

దిగడం వెన్నలా సాగింది. చూరు దగ్గర చేతులు వదిలితే కొక్కెం టక్కున పట్టుకుంది. ఈదన్న మురిసిపోయి, ముక్కు మీద నాలుగు కాట్లు పడ్డా లెక్కచేయకుండా మూడు పట్లు కోసి బుట్టలో వేసి కిందికి వదిలాడు. నక్క బుట్ట విప్పుకున్నాడు, పైకి చూసి వినయంగా చెయ్యి ఊపాడు, పొదల్లోకి నడిచి వెళ్లిపోయాడు.

"రంగప్రసాదూ," అని పిలిచాడు ఈదన్న. లోయ అదే మాట తిరిగి చెప్పింది.

అప్పుడు పైకి రావాలని చూశాడు. మోకు పట్టుకుని లాగితే నున్నటి మోకు గోళ్లలోంచి జారిపోయింది. నిన్న గొప్పగా కనిపించిన నునుపు అదే. మళ్లీ లాగాడు, మళ్లీ జారాడు. జారిన ప్రతిసారీ కొక్కెం టక్కుమని అతన్ని ఇంకాస్త కింద పట్టుకుంది. కిందికే దిగిపోదామా అంటే మోకు కొస తాటిచెట్టంత ఎత్తులో అయిపోతోంది. దాని కింద మొనదేలిన రాళ్లు. సామాను చెప్పినట్టే పనిచేసింది. పడనివ్వలేదు. పైకి తేవడం దాని పని అని దాన్ని చేసినవాళ్లెవరూ అనలేదు.

సుందరం బండ మీద అంచుకు పది అడుగుల అవతల బోర్లా పడుకుని, "కొక్కేన్ని ఎడమకు తిప్పి చూడన్నా, అట్లాగని విన్నాను," అని కాసేపు అరిచాడు. ఎండ ముదిరాక ఈతచెట్టు నీడకు పోయాడు.

ఈదన్న వేలాడుతూనే ఉన్నాడు. ముక్కు ఉబ్బింది, పెదవి ఉబ్బింది, పట్టా తొడల్లోకి కోసుకుంది. అవేవీ అతనికి పెద్ద బాధ కాలేదు. ఏడేళ్లు ఎవరి చేతుల మీద పైకి వచ్చాడో ఇప్పుడు తెలిసింది. ఒక్కసారైనా, "చేతులు నొప్పెట్టాయా బయ్యన్నా," అని అడిగాడా? పైకి రాగానే లేచి నిలబడిన వాళ్లకేసి చూసేవాడు గాని, వెనక మోకు చుట్టుకుంటున్నవాడికేసి ఎప్పుడైనా చూశాడా? నిన్నటి తన నవ్వు తన చెవుల్లోనే మోగుతుంటే, చేతుల్లో మొహం దాచుకున్నాడు. నిన్న మోకును చూసి సిగ్గుపడ్డాడు. ఇప్పుడు ఆ సిగ్గును తలచుకుని సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఓబులమ్మ రాతికి కరుచుకుంటూ పక్కకు దిగి వచ్చింది.

"బయ్యన్నను పిలవనా?"

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"ఏ మొహం పెట్టుకుని పిలవను ఓబులమ్మా?"

"ఉన్న మొహం పెట్టుకునే పిలువు. ఇంకో మొహం నీకు ఎవరు తెచ్చిస్తారు?"

ఈదన్న తల ఎత్తి పైకి చూశాడు. మోకు పొద్దుటి నుంచీ ఒకే చోట రాతి అంచును ఒరుసుకుంటోంది. అది ఎంతసేపు ఆగుతుందో తెలియదు. పోతమ్మ గుర్తొచ్చింది. చివరికి ఎవరికీ వినపడకపోతే బాగుండునన్నంత మెల్లగా, "బయ్యన్నా," అన్నాడు.

"ఆ, బావా," అని పైనుంచి వెంటనే బయ్యన్న గొంతు పలికింది.

మరుక్షణం పీచులేచిన మట్టిరంగు మోకు అతని భుజం మీద వాలింది. ఈదన్న నడుముకు కట్టుకున్నాడు. కుదుపు లేకుండా, ఎప్పటిలాగే, తనంతట తాను నడిచి వస్తున్నట్టే పైకి వచ్చాడు. ఈసారి మాత్రం ప్రతి మూరా ఎవరు లాగుతున్నారో తెలుస్తూనే ఉంది.

అంచు దాటగానే అతని కంట పడింది. నారింజ మోకు కొండ అంచు మీద ఒరుసుకునే చోట దాని కింద అడ్డాకులు దొంతరగా మడిచి, చాపలా అల్లి పెట్టి ఉన్నాయి. పై ఆకులు అరిగి పొడి అయిపోయాయి. కొత్తవి పక్కనే పోగుపెట్టి ఉన్నాయి.

"పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నావా?"

"నువ్వు కొండ దిగుతుంటే నేనెక్కడికి పోతాను?" అన్నాడు బయ్యన్న. అతని అరచేతులు కందిపోయి ఉన్నాయి. "అది ఎంత మంచి మోకైనా రాయి కోసేస్తది. ఆకులు మారుస్తా కూర్చున్నా."

"మరి నేను పడే పాట్లు చూస్తూ పలకలేదేంరా?"

"రావద్దన్నావు గదా. పిలవకుండా లాగితే నలుగురిలో నీకు చిన్నతనం. పొద్దు వాలితే మాత్రం, నువ్వు పిలవకపోయినా లాగేవాణ్ణి."

ఈదన్న అవమానించినవాడే ఈదన్న పరువు కాయడానికి ఎండలో కూర్చున్నాడు. పెద్ద ఎలుగుబంటి బండ మీద కూలబడి, ఉబ్బిన మొహం మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. బయ్యన్న అటు తిరిగి నెమ్మదిగా మోకు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి పోతమ్మ ఖాళీ గంపతో ఎదురొచ్చింది. ఇప్పచెట్టు కింద నక్కలు గుంపుగా చేరి ఒక్క పువ్వు మిగల్చలేదని, పొమ్మంటే మీ ఆయన ఇచ్చాడన్నాయని చెప్పింది.

"నేనే ఇచ్చాను పోతమ్మా. నిన్ను అడక్కుండా ఇచ్చాను. నీ తమ్ముణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసి మరీ ఇచ్చాను," అన్నాడు ఈదన్న నేల చూస్తూ.

పోతమ్మ అతని ముక్కు చూసింది, తొడల మీది కోతలు చూసింది. అన్నీ అర్థమయ్యాయి.

"తమ్ముడు పొద్దుట్నించి ఏమన్నా తిన్నాడా?" అని మాత్రం అడిగింది.

ఆ మాట ఈదన్నకు తట్టనే లేదు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. గుమ్మం దాకా వచ్చినవాడు వెనక్కి తిరిగి బయ్యన్నను పిలుచుకు రావడానికి మళ్లీ కొండదారి పట్టాడు.

వారం తర్వాత జట్టు మళ్లీ చేరింది. వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఈదన్న వచ్చి, ఎప్పుడూ కూర్చునే ఎత్తురాయి వదిలేసి, కింద బయ్యన్న పక్కన కూర్చున్నాడు.

"ఇంతకూ అన్నా, ఆ సామాను తీసుకోవచ్చా? అంత పెట్టినందుకు ఫలితం ఉందా?" అని అడిగాడు సుందరం.

"సామానుకు వంక పెట్టలేను," అన్నాడు ఈదన్న. "చెప్పిన పని చెప్పినట్టు చేసింది. వంకంతా నాలోనే ఉంది." ఆ మాట అనడానికి అతనికి గద్దగుండు దిగినంత పనైంది. నారింజ మోకు తెచ్చి అందరూ చూస్తుండగా బామ్మర్ది ముందు పెట్టాడు. "ఇది గట్టిదే బయ్యన్నా. పనికొస్తుందేమో చూడు. ఏ మోకు మీద దిగాలో ఇక నుంచి నువ్వే చెప్పు. నేను ఏది కట్టుకున్నా కొస మాత్రం నువ్వే పట్టుకోవాలి. నాకు అడగడానికి మొహం లేదు, అయినా అడుగుతున్నా."

బయ్యన్న నారింజ మోకును వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మరీ నునుపు బావా," అన్నాడు. "దీని మీద నార చుడతాను. అప్పుడు చేతికి పట్టు దొరుకుతది." అని వాగు దగ్గరికి లేచాడు. ఈదన్న కూడా లేచి, మోదుగ వేళ్లు మోయడానికి అతని వెనకాలే నడిచాడు.

సామాను ఎంత మేలైనదైనా తెచ్చుకోండి, దాని రెండో కొస పట్టుకున్నవాణ్ణి మాత్రం నలుగురిలో చిన్నబుచ్చకండి.