ఇసుకలో నక్క అడుగులు

జపాను దేశంలో దక్షిణాన, సముద్రపు గాలి ఉప్పగా తగిలే చోట ఒక గుర్రప్పందేల మైదానం ఉంది. అక్కడ గుర్రాలు పచ్చిక మీద కాదు, ఇసుక మీద పరుగెత్తాలి. మైదానం బయట గుర్రాల శాల. ఆ శాలలో ఇషిమారు అనే నల్ల గుర్రం, దాని నెత్తిమీది అటకలో కికు అనే కోడిపెట్ట. మైదానం మధ్యలో పరుగుబాట చుట్టి వచ్చే తుప్పల్లో ఒక నక్క. కోడీ నక్కా ఒకే ఊళ్లో కాపురముంటే ఇక అక్కడ ఎవరికి నిద్ర పడుతుంది?

ఇషిమారుకి మాత్రం అసలే పట్టదు. అది పుట్టు అనుమానపు గుర్రం అని శాలలో అందరూ అనేవాళ్లు. దాణా తొట్టిలో పోస్తే వాసన చూసేది, మూతితో ఒకసారి కెలికేది, పోసినవాడు వెళ్లేదాకా ఆగేది.

"విషం కలిపారనా అన్నా?" అని కికు పైనుంచి నవ్వేది.

"కలపలేదని నీకెవరు చెప్పారే?" అనేది ఇషిమారు.

పుట్టు అనుమానమేం కాదు అది, బతుకు నేర్పింది. ఉత్తరాన మంచు పడే పచ్చిక బయళ్లలో పుట్టింది ఇషిమారు. తల్లి పక్కన గంతులేస్తుంటే ఎవరో నవ్వుతూ క్యారెట్టు పెట్టారు. నమిలేలోపు లారీ ఎక్కించారు. దించింది పెద్ద పట్నంలో. అక్కడ పచ్చిక మీద పరుగెత్తమన్నారు. ప్రతిసారీ అన్నిటికన్నా వెనకే వచ్చింది. ఒకరోజు మళ్లీ క్యారెట్టు, మళ్లీ లారీ. ఈసారి ఈ ఇసుక మైదానానికి. మొదట్లో ముందు పోయే గుర్రాల డెక్కల నుంచి ఇసుక మొహానికి వడగళ్లలా కొడితే కళ్లు మూసుకుని నిలబడిపోయేది. మెల్లగా ఆ దెబ్బలకి ఓర్చుకుంది. ఓర్చుకున్నాక గెలిచింది. ఏళ్ల తరబడి గెలిచింది. ఇప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయి, గెలుపు అరుదైంది.

అనుమానం దానికి చెడు చేసిందో లేదో కానీ కికుకి మేలే చేసింది. నక్క గోడవారగా ఎంత మెత్తగా వచ్చినా ఇషిమారు చెవులు నిక్కేవి. ధనధనమని చెక్కగోడని తన్నేది. గుర్రాలని చూసుకునే ముసలి మొరితా కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. నక్క తోక కాళ్ల మధ్య పెట్టుకుని పోయేది. కికు ఈమధ్యే పొదుగుకి కూర్చుంది కూడాను. రెక్కల కింద గుడ్లు వెచ్చగా ఉన్నాయి.

ఆ సాయంత్రం పక్క కొట్టంలోని పడుచు గుర్రం హొషికో మెడ సాచింది.

"తాతా, విన్నావా? రేపటి పందెంలో మొదటి మూడింట్లో నువ్వు లేకపోతే సాయంత్రానికి లారీ వస్తుందట. మొరితా ఫోనులో అంటున్నాడు."

"ఎక్కడికట?"

"అది మాత్రం అనలేదు."

ఇషిమారు మెడ వెనక్కి తీసుకుంది. ఆ లారీ ఎక్కిన ముసలి గుర్రాలు ఎక్కడికి వెళ్లాయో ఇంతవరకు ఒక్కటీ తిరిగొచ్చి చెప్పలేదు. అంతలోనే మొరితా వచ్చి మొహం నిమిరి ఒక క్యారెట్టు పెట్టాడు. ఇషిమారు దాన్ని ముట్టుకోలేదు. తొట్టిలో ఆ ఎర్రటి క్యారెట్టుని చూస్తుంటే పామునే చూసినట్టుంది.

పొద్దు వాలుతుండగా నక్క వచ్చింది. ఎప్పుడూ దొంగచాటుగా వచ్చేది ఈసారి ఎదురుగా వచ్చి తన్నుకి అందనంత దూరంలో కూర్చుంది.

"ఇషిమారు బావా, బాగున్నావా?"

"నీ రాకతో బావుంటానా? అక్కడే ఉండు."

"రేపటి సంగతి తెలిసి మనసాగక వచ్చాను. ఒక మాట చెప్పి పోతా. రేపు లోపలి కంచె పక్కనే పరుగెత్తు."

ఇషిమారు ముక్కుతో బుసకొట్టింది. "లోపలి అంచున ఇసుక మోకాలి లోతు. ఈ మైదానంలో పుట్టిన పిల్ల గుర్రానికి కూడా తెలుసు. అందుకే కదా అందరం నడిమి బాటన పరుగెత్తేది!"

"అది నిన్నటి మాట బావా. ఇవాళ మీకు సెలవు, పొద్దుటి నుంచీ కొట్టాల్లోనే ఉన్నారు. ట్రాక్టర్లు వచ్చి లోపలి ఇసుకంతా గీకి నడిమిన పోశాయి. పైన దువ్వెనతో దువ్వినట్టు చదును చేశారు. కంటికి తేడా తెలీదు. నేను ఆ మధ్యలో ఉండేదాన్ని కనక చూశాను."

"నువ్వు నాకెందుకు మంచి చెబుతావు?"

"పాపం అనిపించింది."

"కోళ్ల మీద రాని పాపం గుర్రాల మీద ఎక్కణ్ణుంచి వచ్చిందో?"

"నమ్మితే నమ్ము, లేకపోతే నీ ఇష్టం బావా," అని నక్క లేచింది. పోతూ పోతూ ఒకసారి వెనక్కి చూసి నవ్వుకుంది.

ఇషిమారు తోక విసిరి అంది, "విన్నావా కికూ? నక్క నోట నిజం ఎన్నడైనా వచ్చిందా? అది లోపల అంటే నేను నడిమినే పోతాను."

కికు గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. "అది నవ్వింది అన్నా. తన మాట నమ్మలేదని తెలిసి కూడా నవ్వుతూ పోయే మోసగాణ్ణి నేనింతవరకు చూడలేదు."

ఇషిమారు చెవులు పైకి తిప్పింది. "నీకెందుకే ఇంత ఆత్రం? నువ్వూ దానితో కలిశావా?"

"నువ్వు లారీ ఎక్కిన రోజున నేను, నా గుడ్లు దాని పొట్ట ఎక్కుతాం. నా ఆత్రం అదీ. ఇంకేం చెప్పను?"

ఆ మాట ఇషిమారుకి నచ్చింది. ప్రేమతో చెబుతున్నా అని ఉంటే నమ్మేది కాదు. అయినా ఎటు పరుగెత్తాలో తేలలేదు. నక్కని నమ్మితే మునుగుతానా, నమ్మకపోతే మునుగుతానా? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తెల్లవారుతుండగా మొరితా పగ్గం పట్టుకుని దాన్ని బాట పక్కన నడిపించాడు. ఇసుక దువ్వే బండి ఇంకా రాలేదు. మనిషి తిరగలేదు, గుర్రం తిరగలేదు. తడి ఇసుక మీద ఒకే ఒక్క జీవి అడుగులు ఉన్నాయి. లోపలి తుప్పల నుంచి శాల వైపు, మళ్లీ శాల నుంచి తుప్పల్లోకి, బాటకి అడ్డంగా.

అవి నక్క అడుగులు.

ఇషిమారు ఆగిపోయింది. మొరితా లాగినా కదల్లేదు. తల వంచి చూసింది. నడిమి బాటలో నక్క కాళ్లు దిగబడిన చోట గుంటలే ఉన్నాయి. పొట్ట ఈడ్చుకుపోయిన గీత కూడా ఉంది. పాపం, నాలుగడుగులకోసారి ఆగి ఆయాసం తీర్చుకుందేమో, ఇసుక చెదిరి ఉంది. అదే లోపలి కంచె దగ్గరికి వచ్చేసరికి పిండి మీద వేలు ఆనించినట్టు పైపైనే గుర్తులు.

"ఓహో," అనుకుంది ఇషిమారు. "నోరు నిజమే చెప్పిందన్నమాట. నేను నమ్మనని తెలిసే చెప్పింది. నా అనుమానానికే కళ్లెం వేసి నన్ను లారీ దాకా తోలుకుపోదామనుకుంది!"

ఆ రోజు మొదటి పందెంలోనే దాని పరుగు. బండి వచ్చి ఇసుక దువ్వేసింది, అడుగులన్నీ చెరిగిపోయాయి. పందెం మొదలయ్యే చోట ఇషిమారుకి నడిమి బాటే వచ్చింది. గేటు తెరుచుకుంది. ఇషిమారు నడిమినే బయల్దేరడం తుప్పల్లోంచి నక్క కళ్లారా చూసింది. "ఇక చూసేదేముంది, సాయంత్రం విందుకి కాస్త ఆకలి పెంచుకోవాలి," అని బొరియలో దూరి ముడుచుకుని పడుకుంది.

మలుపు దగ్గర ఇషిమారు మెడ లోపలికి బిగించింది. మీదున్న జాకీ బెదిరి పగ్గం బయటికి లాగాడు. లాగినకొద్దీ అది కంచెనే అంటుకుని పోయింది. నాలుగు అంగలు పడేసరికి కాళ్ల కింద నేల గట్టిగా ఉన్నట్టు జాకీకి తెలిసింది. పగ్గం వదిలేశాడు. నడిమిన గుర్రాలు వరిమడిలో దిగిన ఎడ్లలా రొప్పుతున్నాయి. ఇషిమారు మొహాన ఇసుక రేణువు కూడా పడలేదు. హొషికో ఒక్కటే పడుచు కాళ్లతో ఆ లోతుని కూడా దాటుకుని ముందు వచ్చింది. దాని వెనకే ఇషిమారు. రెండోది. ముసలి కాళ్లకి అది చాలు.

"నువ్వు దారి వెతుక్కున్నావు తాతా, నాకు కాళ్లే చాలాయి," అని హొషికో ఎగతాళి చేసింది.

"నా వయసుకి వచ్చాక నువ్వూ వెతుక్కుంటావులే," అంది ఇషిమారు.

సాయంత్రం లారీ రానే వచ్చింది. మొరితా చేతులు ఊపి ఏదో చెప్పాడు. లారీ ఖాళీగా తిరిగి వెళ్లింది. దానికోసం తీసిన పెద్ద గేటు అలాగే తీసి ఉంది.

బొరియలో నక్క లారీ చప్పుడు విని లేచింది. లారీ వెళ్లిందని విందే కానీ ఏం తీసుకెళ్లిందో చూసిందా? అందరి అనుమానం మీద బతికే నక్కకి ఆ పూట మచ్చుకైనా అనుమానం రాలేదు.

శాలలో అలికిడి లేదు. "కికూ, కూత పెట్టకు. రానీ," అని ఇషిమారు మూలన నీడలో నిలబడింది. నక్క ఈల వేసుకుంటూ వచ్చింది. దాణా తొట్టి మీద ముందుకాళ్లు ఆనించి అటక మీదికి ఎగరబోయింది.

వెనక కాళ్లు రెండూ ఒకేసారి లేచాయి. ఎన్ని పందేలు పరుగెత్తిన కాళ్లో! నక్క తలుపులోంచి ఎగిరి పేడకుప్పలో పడింది. చప్పుడుకి మొరితా కర్ర పట్టుకుని బయల్దేరాడు.

ఇషిమారు గట్టిగా అరిచింది. "బావా! పెద్ద గేటు తీసే ఉంది, అటు పో, బతికిపోతావు!"

కుంటుతూ లేచిన నక్క ఒక్క క్షణం ఆగింది. 'గుర్రం నాకెందుకు మంచి చెబుతుంది? గేటు దగ్గర కుక్కని కట్టేసి ఉంటారు,' అనుకుంది. గేటు వదిలేసి, ఎంత లోతో తనకే బాగా తెలిసిన నడిమి ఇసుకలోకి దూకింది. పొట్టదాకా దిగబడింది. మొరితా నింపాదిగా నడిచి వెళ్లి అందుకున్నాడు. దెబ్బదెబ్బకీ అది కెవ్వుమంటుంటే శాలంతా వినబడింది.

"పాపం, నిజమే చెప్పావుగా అన్నా," అంది కికు.

"నిన్న అదీ నిజమే చెప్పింది," అంది ఇషిమారు.

అప్పుడు తొట్టిలోకి చూసింది. నిన్నటి క్యారెట్టు వాడిపోయి అక్కడే ఉంది. ఒకసారి వాసన చూసింది. చుట్టూ చూసింది. ఎక్కడా లారీ లేదు. కరకరా నమిలేసింది.

చెవిన పుట్టిన అనుమానాన్ని కంటితో తీర్చుకున్నవాడే గట్టెక్కుతాడు.